దీపస్తంభం, రెండో వైపు

"సంతకం పెట్టు. పేరు రాసినంత మాత్రాన చెయ్యేం అరిగిపోదు."

వదిన ఈ మాట అనడం పొద్దుట్నుంచి ఆరోసారి. ఆరుసార్లూ అమ్మాయి ఒకటే జవాబు చెప్పింది.

"నా చెవుల్లో ఏమీ లేవమ్మా."

ఇద్దరి మధ్యా బల్ల ఉంది. బల్ల మీద నర్సుల శిక్షణ కేంద్రం నుంచి వచ్చిన కాగితం ఉంది. డ్యూటీలో ఉండగా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాననీ, మూడో మంచం దగ్గర అలారం మోగినా పాటల్లో పడి లేవలేదనీ, ఇకముందు ఇలా జరగదనీ అందులో ముందే టైపు చేసి పెట్టారు. కింద ఒక గీత గీశారు. ఆ గీత మీద సంతకం పడితే అమ్మాయి రేపు పొద్దున మళ్ళీ వార్డులో అడుగుపెట్టొచ్చు. పడకపోతే రెండేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

మూడో మంచం ముసలాయన బతికి బట్టకట్టాడు. పక్క వార్డు నర్సు అలారం విని పరిగెత్తుకొచ్చింది. అమ్మాయి మాత్రం ఆ మంచానికి నాలుగు అడుగుల దూరంలో కూర్చుని చార్టు రాసుకుంటోందట.

అమ్మాయికి బాబాయి, వదినకి మరిది, ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, లోపలికి రావాలో మేడ మీదికి పోవాలో తెలియక. ఊళ్ళో ఒక క్లినిక్కులో వచ్చినవాళ్ళ వినికిడి పరీక్ష చేయడం ఆయన పని. వీధి వీధంతా చెవుల డాక్టరనే పిలుస్తుంది. నేను డాక్టర్ని కాదండీ, పరీక్ష చేసేవాణ్ణి అని పాతికేళ్ళుగా మొత్తుకుంటున్నాడు. ఎవరికీ వినపడదు.

"లేకపోతే ఇదేంటి?" వదిన జాకెట్టులోంచి మడతపెట్టిన కాగితం తీసింది. "నీ సంచిలో దొరికింది. చదవనా? మొదట దీపస్తంభం. తర్వాత గొడుగులవాడు. మూడోది గాజు ఏనుగు. నత్త ఇప్పుడే వద్దు." ఆమె కళ్ళు గుమ్మం వైపు తిరిగాయి. "ఈ రాత ఎవరిదో నాకు తెలీదనుకున్నారా మీరిద్దరూ?"

బాబాయి తేలు కుట్టిన దొంగలా నేలచూపులు చూశాడు.

"అవి ఇంట్లో విన్నాను. బాబాయి గదిలో," అంది అమ్మాయి. "వార్డులో కాదు. ప్రమాణం చేసి చెప్తున్నా."

"మీ నాన్న కూడా చేశాడు ప్రమాణం. రోడ్డు మీద తగిలించుకోనే అన్నాడు. ఏమైంది? తీసుకొచ్చి ఇక్కడ పడుకోబెట్టినప్పుడు కూడా మెళ్ళో హెడ్‌ఫోన్లున్నాయి. బస్సు హారను కొడుతూనే ఉందిట. వీధంతా విన్నారు, ఆయన తప్ప."

అప్పటికి అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఇప్పుడు పంతొమ్మిది. ఈ పదకొండేళ్ళలో ఈ ఇంట్లో పాట మోగలేదు. రేడియో కూడా లేదు. వదిన కుట్టుమిషను చప్పుడొక్కటే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, బడిపిల్లల యూనిఫారాల మీద.

"మళ్ళీ ఆ దరిద్రమే ఇంట్లోకి తెచ్చావు!" వదిన జాబితాని రెండుగా చించింది. "ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే!"

ఆ సామెత నోట్లోంచి ఊడిపడగానే వదిన ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. బాబాయి అది చూశాడు. కోపం వల్లనుకున్నాడు.

అమ్మాయి రెండు ముక్కలూ ఏరుకుని, దడదడా మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళిపోయింది.

మేడ గది బాబాయిది. పెళ్ళి చేసుకోలేదు, మంచం ఒకటి, బీరువా రెండు. రెండో బీరువాకి పదకొండేళ్ళు తాళం ఉంది. మూడు వారాల కిందట అమ్మాయి వచ్చి, "నాన్న ఏం వినేవాడు బాబాయ్? అమ్మనడిగితే మిషను గట్టిగా తొక్కుతుంది," అంది. అంతే. ఆయన తాళంచెవి వెతుక్కున్నాడు.

లోపల నూట నలభై రికార్డులున్నాయి, అన్నీ ప్రోగ్రెసివ్ రాక్ బాపతే. మామూలు పాట మూడు నిమిషాల్లో ఇంటికి పోతే ఇవి ఇరవై నిమిషాలు వీధులన్నీ తిరిగి గానీ రావు. వాటి పేర్లు పలకడం చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరికీ చేతకాలేదు. అందుకని అట్టల మీది బొమ్మల్ని చూసి పేర్లు పెట్టుకున్నారు. ఆ పేర్లే మిగిలాయి.

ఆయన పైకి వెళ్ళేసరికి అమ్మాయి మంచం మీద కూర్చుని చిరిగిన ముక్కలు అతికిస్తోంది.

"అమ్మకి నేనంటే నమ్మకం లేదు," అంది.

"భయం ఉంది."

"రెండూ ఒకటే." ముక్కు తుడుచుకుంది. "అది వదిలెయ్. గొడుగులవాడు విన్నాను నిన్న. నచ్చలేదు. పాడేవాడికి జలుబు చేసినట్టుంది."

ఇంత గొడవలోనూ బాబాయికి నవ్వొచ్చింది. "జలుబు కాదే మిరపకాయా, ఆయన గొంతే అంత. మూడోసారి వింటే అలవాటవుతుంది."

"మూడుసార్లు విని అలవాటు చేసుకోవడానికి అదేమైనా కాకరకాయా?"

"కాకరకాయే. మొదట్లో లెక్క పట్టుకో, గొంతు పట్టించుకోకు. మామూలు పాట నాలుగేసి అడుగులేస్తుంది. అది ఏడేసి వేస్తుంది. నువ్వు ఎనిమిదో అడుగు వేశావో, మెట్టు లేనిచోట కాలు పెట్టినట్టే."

"మరి నత్త ఎందుకొద్దన్నావు?"

"ఒక వైపంతా ఒకటే పాట. ఇరవై రెండు నిమిషాలు. ఈత రానిదాన్ని నడి ఏట్లో దింపుతానా? ఒక ఏడాది పోనీ."

"ఏడాదా!"

"మీ నాన్న నన్ను సరిగ్గా ఏడాది ఆపాడు. పద్నాలుగేళ్ళు నాకు. రోజూ కాళ్ళావేళ్ళా పడ్డాను. వరుస తప్పితే రుచి పోతుందనేవాడు."

నాన్న మాట వస్తే అమ్మాయి ఎప్పుడూ కొంచెం ముందుకి వంగుతుంది, ఒక్క మాట కూడా పోనివ్వకూడదన్నట్టు. కళ్ళు మాట్లాడేవాళ్ళ పెదాల మీదే ఉంటాయి. శ్రద్ధగల పిల్ల అని బాబాయి మురిసిపోయేవాడు.

"నాకన్నిటికన్నా దీపస్తంభమే ఇష్టం," అంది. "రెండో వైపు. అందులో ఫ్లూటు పైకి పైకి పోయి ఆగిపోతుంది చూడు, ఆ చోటు. ఎంత ధైర్యం బాబాయ్ వాళ్ళకి! తొమ్మిది సెకన్లు. నేను లెక్కపెట్టాను. తొమ్మిది సెకన్లు ఏమీ ఉండదు. ఉత్త మౌనం. తర్వాత ఆర్గన్ వచ్చి పడుతుంది మీద."

బాబాయి గబుక్కున దాని వైపు తిరిగాడు.

"ఏమీ ఉండదా?"

"ఏమీ ఉండదు. అదే కదా గొప్ప!"

ఆ తొమ్మిది సెకన్లలో ఒక గంట ఉంది. ముక్కోణపు ఇనుప కడ్డీ మీద ఎవడో ఓపిగ్గా ఒక్కొక్క దెబ్బా వేస్తుంటాడు. గాజుగ్లాసు అంచుని చెంచాతో తాకినట్టు సన్నగా, పైస్థాయిలో మోగుతుంది. ఆ రికార్డు మొత్తం కట్టింది ఆ గంట కోసమే.

అన్నయ్య చివరి ఏడాది ఇదే మంచం మీద కూర్చుని ఇదే మాటన్నాడు. ఉత్త మౌనం, ఎంత బావుందిరా అన్నాడు. వింటున్న తమ్ముడికి వీపు మీద చల్లనీళ్ళు పోసినట్టయింది. మర్నాడే క్లినిక్కుకి లాక్కెళ్ళాడు.

ఇప్పుడు మళ్ళీ అదే చలి.

"ఒకసారి ఇద్దరం కలిసి విందాం," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంచుకున్నాడు. పాతికేళ్ళ వృత్తి అది, ఫలితం ముఖంలో కనపడకూడదు. "హెడ్‌ఫోన్లొద్దు. పెట్టె మీదే పెడతాను. నువ్వు కిటికీ వైపు తిరిగి కూర్చో."

"అమ్మకి వినపడుతుంది!"

"పడనీ."

ముల్లు గాడిలో దిగింది. పదకొండేళ్ళ తర్వాత ఆ గోడలకి ఒక పాట తగిలింది. కింద కుట్టుమిషను గరగరమంటూనే ఉంది. ఫ్లూటు ఒక్కొక్క మెట్టే ఎక్కింది, ఎక్కి ఎక్కి ఆగిపోయింది.

గంట మోగింది.

బాబాయి అమ్మాయి వీపు వంకే చూస్తున్నాడు. భుజం కదలలేదు. మెడ కదలలేదు. కిటికీ అద్దంలో దాని ముఖం కొంచెం కనిపిస్తోంది. కళ్ళు మూసుకుని, ఆ మౌనాన్ని చూసి నవ్వుకుంటోంది. గంట మోగుతూనే ఉంది, ఐదు, ఆరు, ఏడు, ఇంత చిన్న గదిలో, దాని తలకి మూరెడు దూరంలో.

ఆర్గన్ వచ్చి పడగానే అమ్మాయి తలెత్తింది.

"విన్నావా? ఎంత నిశ్శబ్దం!"

"అవును," అన్నాడు బాబాయి. అంతకన్నా పెద్ద అబద్ధం ఆయన జన్మలో ఒక్కసారే ఆడాడు. అదీ ఈ పిల్ల తండ్రి కోసమే.

కింద మిషను ఎప్పుడు ఆగిందో ఆయన గమనించలేదు.

"నువ్వు వింటూ ఉండు. నేనిప్పుడే వస్తాను," అని మెట్ల దగ్గరికి వచ్చి, అక్కడే గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

క్లినిక్కులోని అద్దాల గదిలో అన్నయ్య కూర్చున్నాడు ఆ రోజు. చప్పుడు వినపడితే చెయ్యెత్తమని చెప్పాడు తను. అన్నయ్య టకటకా ఎత్తాడు. అమ్మయ్య అనుకుని, ఏదో అనుమానం వచ్చి, మీట నొక్కకుండా ఊరికే భుజం కదిపాడు. అన్నయ్య చెయ్యెత్తాడు. అద్దంలోంచి తమ్ముడి భుజం చూసి ఎత్తుతున్నాడు. అద్దానికి గుడ్డ కట్టి మళ్ళీ చేస్తే, చార్టు మీద గీత కుడివైపుకి, అంటే సన్నని పైస్థాయి చప్పుళ్ళ వైపుకి, వెళ్ళేకొద్దీ మెట్లు దిగినట్టు దిగిపోయింది. చెవి మిషను పెట్టుకో అన్నయ్యా అంటే వినలేదు. మీ వదినకి చెప్పావంటే నా మీద ఒట్టే అన్నాడు.

ఆ మర్నాటి నుంచే అన్నయ్య వీధిలోకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వెళ్ళడం మొదలుపెట్టాడు. ఎవరైనా పిలిచినప్పుడు పలక్కపోతే పాట వింటున్నాడనుకుంటారు. చెవుడని ఎవరూ అనుకోరు. ఆ ఉపాయం చెప్పి తనే నవ్వాడు కూడా.

పోయాక జనం పాటల పిచ్చి చంపిందన్నారు. వదిన ఆ పాటల్ని తిట్టింది. తమ్ముడు నోరు కుట్టుకుని కూర్చున్నాడు. పదకొండేళ్ళుగా రోజూ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా వదిన చేతి గరిటె చూస్తూ, ఇవాళ చెప్పేద్దాం అనుకుంటూ వచ్చాడు. ఒట్టు అడ్డం వచ్చిందని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. ఒట్టూ లేదు గిట్టూ లేదు, ఉన్నదల్లా పిరికితనం.

కిందికి దిగాడు. వదిన మిషను ముందే కూర్చుని ఉంది. సూది కింద సగం కుట్టిన కాలరు. చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"వదినా, నీకొకటి చెప్పాలి."

ఆమె తలెత్తలేదు.

"గంట దగ్గర అది కదిలిందా?" అంది.

బాబాయి నిలబడ్డచోటే నిలబడిపోయాడు.

"నిన్నే అడుగుతున్నానయ్యా. గంట దగ్గర తలెత్తిందా లేదా?"

"నీకు... ఆ గంట..."

"పెళ్ళైన కొత్తలో రోజూ వినిపించేవాడు. గంట వచ్చినప్పుడల్లా వేలు పైకెత్తి చూపించేవాడు, ఇదిగో ఇదిగో అని. ఒకరోజు ఎత్తలేదు. ఇంకోరోజూ ఎత్తలేదు. నువ్వు క్లినిక్కుకి తీసుకెళ్ళడానికి ఆర్నెల్ల ముందు సంగతి."

"నీకు తెలుసా?"

"కట్టుకున్నదాన్ని. వంటింట్లోంచి పిలిస్తే పలకనివాడు ఎదురుగా నిలబడితే పలుకుతుంటే, నాకు ఆ మాత్రం తెలీదా?" వదిన కాలరు మడత సరిచేసింది. "నాకు చెప్పొద్దని నీ దగ్గర ఒట్టు వేయించుకున్నాడని కూడా తెలుసు. ఆయన పోయాక, ఆ హెడ్‌ఫోన్లు తగిలించి జేబులో పెట్టుకునే పాటల డబ్బా తెరిచి చూశాను. అందులో బ్యాటరీలు లేవు. బ్యాటరీలు పెట్టే చోట దుమ్ము పట్టి ఉంది. ఉత్త డబ్బా తగిలించుకుని తిరిగాడు పిచ్చి మనిషి."

బాబాయి గోడవారగా ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. పదకొండేళ్ళు ఒకే ఇంట్లో ఒకే దెయ్యానికి చెరో పక్క నుంచీ తలుపులు వేసుకుంటూ బతికారు ఇద్దరూ.

"మరి పాటలు చంపాయని ఎందుకన్నావు? పిల్లకి కూడా అదే నూరిపోశావు కదా!"

"ఏం చెప్పమంటావు? మీ నాయనమ్మకి వచ్చింది, ముసలితనం అన్నారు. ఆయనకి వచ్చింది. తర్వాతెవరు?" వదిన గొంతు తగ్గింది. "పాట ఉన్న ఇంట్లో ఎవరికి ఏది వినపడట్లేదో తెలిసిపోతుంది. పాట లేకపోతే తెలీదు. అందుకే తీసేయించాను. నువ్వు పరీక్ష చేస్తానంటే ఏటేటా ఏదో వంక పెట్టాను. దానికి మాత్రం గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. గయ్యాళిదాన్నని పేరొచ్చింది. రానీ అనుకున్నాను."

పైన రికార్డు అయిపోయినట్టుంది. ముల్లు ఉత్తగాడిలో గీరుకుంటోంది.

"అలారం సంగతి వినగానే అర్థమైందా నీకు?" అన్నాడు.

వదిన కాలరుకి వేలాడుతున్న దారం తెంపింది.

"అర్థమై కూడా సంతకం పెట్టమంటున్నావా!" బాబాయి వదిన మీద గొంతు పెంచడం అదే మొదలు. "రేపు పొద్దున మళ్ళీ వార్డులో కూర్చోబెడతావా దాన్ని? మూడో మంచం ముసలాయన బతికాడు సరే. నాలుగో మంచం వాళ్ళని ఎవరు బతికిస్తారు?"

"నిజం చెప్తే ఆ పని పోతుంది."

"పోకపోవచ్చు. చెవి మిషన్లు ఉన్నాయిప్పుడు, మంచివి. అలారం లేనిచోట వేస్తారేమో, అడుగుదాం. పరీక్ష చేస్తే అది నిర్లక్ష్యం కాదని కాగితం మీద పడుతుంది."

"పంతొమ్మిదేళ్ళయ్యా దానికి!" వదిన గొంతు పగిలింది. "నర్సవుతానని ఆరేళ్ళప్పటినుంచి బొమ్మలకి కట్లు కట్టింది. నీకు చెవుడొస్తోందమ్మా అని చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది? చెడ్డదన్న పేరైనా పర్లేదు. చెడ్డపేరు తుడుచుకోవచ్చు."

ఆ నోరే ఉంటే బాబాయి, అన్నయ్య బతికున్నప్పుడే చెప్పి ఉండేవాడు.

ఏం చెయ్యాలో తెలియని చేతులు ఊరికే ఉండవు. బాబాయి బల్ల మీదున్న పెన్సిలు తీసి, కుట్టుకొలతలు రాసుకునే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, రాయడం మొదలుపెట్టాడు. వదిన లేచి వచ్చి ఆయన భుజం మీదుగా చదివింది.

"నత్త ముందా?" అంది. "దానికి ఏడాది ఆగాలనేవాడు కదా ఆయన."

"ఆగే టైము లేదు వదినా. నత్తలో వయొలిన్లు ఉన్నాయి, చిన్న తాళాలున్నాయి, అన్నీ పైస్థాయివి. పోతే ముందు అవే పోతాయి. గంట ఇప్పటికే పోయింది. డ్రమ్ములూ ఆర్గనూ ఎక్కువున్నవన్నీ కిందికి తోశాను. అవి దానికి చాలాకాలం వినపడతాయి."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మెట్ల మీద చప్పుడైంది. అమ్మాయి దిగి వచ్చింది. ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది. నేరుగా బల్ల దగ్గరికి వచ్చి పెన్ను తీసుకుంది.

"పెడతాను," అంది. "మీరిద్దరూ నా కోసం పోట్లాడుకోవద్దు. అబద్ధమే అయినా పెడతాను. నాకు వార్డు కావాలి." వంగబోతూ పెన్సిలు రాత చూసింది. "ఇదేంటి బాబాయ్, వరుసంతా తల్లకిందులు చేశావు? ఇందాకే కదా ఏడాది అన్నావు?"

బాబాయి ఆ కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

అమ్మాయి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. పెన్ను గీత మీద ఆగింది.

"సరే, పోనీ. ఒక్కటి చెప్పమ్మా. సంతకం ఎలాగూ పెడుతున్నా. నా చెవుల్లో ఏమీ లేవనీ, అలారం నిజంగా నాకు వినపడలేదనీ చెప్పాను కదా. ఒక్కసారైనా, ఒక్క క్షణమైనా నన్ను నమ్మావా?"

వదిన కొంగు తీసింది. కూతురి ఎదురుగా వచ్చి, ముఖం బాగా కనపడేలా నిలబడింది.

"మొదటిసారే నమ్మాను," అంది.

అమ్మాయి ముఖం వెలగబోయి, సగంలో ఆగిపోయింది.

"నమ్మితే..." అంది మెల్లగా. "నమ్మితే మరి సంతకం పెట్టమని ఎందుకన్నావు?"